మారుతీ జెన్, ఎస్టీమ్: కొనేముందు ఏం చూడాలి, కొన్నాక ఏం చేయాలి

కార్బ్_కాలం:

పాత కార్లు అనగానే పద్మినీ, అంబాసిడర్, కాంటెస్సా పేర్లే వినిపిస్తాయి. వాటికి ర్యాలీలున్నాయి, ఫొటోలున్నాయి, అడిగిన ధర పెట్టేవాళ్లున్నారు. జెన్, ఎస్టీమ్‌లది ఆ అదృష్టం కాదు. మొన్నమొన్నటి బండ్లే కదా అని ఎవరూ పట్టించుకోరు. చూస్తుండగానే ఒక్కొక్కటీ తుక్కులోకి పోతోంది. మన రోడ్ల మీద తిరిగిన చిన్న కార్లలో ఇంత చురుకైనవి, ఇంత సులువుగా బాగయ్యేవి చాలా తక్కువ.

అంకెలు చూడండి. జెన్ 1993లో వచ్చింది. 993 సీసీ, బ్లాకూ హెడ్డూ రెండూ అల్యూమినియమే. కార్బ్యురేటర్ బండికి 50 బీహెచ్‌పీ, తర్వాతి ఎంపీఎఫ్ఐకి, అంటే కంప్యూటరు లెక్కతో పెట్రోలు చిమ్మే రకానికి, 60. బరువు 750 కిలోల అటూఇటూ. 1994లో వచ్చిన ఎస్టీమ్ 1298 సీసీ. చివర్లో వచ్చిన 16 వాల్వుల ఎంపీఎఫ్ఐకి 85 బీహెచ్‌పీ, బరువు 900 కిలోల లోపే. ఇప్పటి స్విఫ్ట్ కూడా 900 దాటుతుంది. ఎస్టీమ్ డిక్కీ ఉన్న సెడాన్ అని మర్చిపోకండి. జెన్ 2006లో, ఎస్టీమ్ 2007లో ఆగిపోయాయి. అంటే ఇప్పుడు దొరికేవన్నీ బాగా వయసైన బండ్లే.

కొత్తగా కొనేవాళ్లకి పనికొచ్చే వివరాలన్నీ ఇక్కడే ఒకచోట పెడదాం. తెలిసినవాళ్లు కొలతలతో సహా రాయండి.

రన్నింగ్‌బోర్డు:

మంచి పని మొదలుపెట్టారు. నేను చెప్పేది ఒకటే. ఈ బండ్లని ఇంజిన్ చూసి కొనొద్దు, బాడీ చూసి కొనండి. ఇంజిన్ పోతే ఇంకోటి దొరుకుతుంది, తుప్పు పట్టిన షెల్‌కి బదులు దొరకదు.

చూడాల్సిన చోట్లు, నేను చూసే వరసలోనే చెబుతాను. బానెట్ ఎత్తి బ్యాటరీ ట్రే కింద చూడండి. యాసిడ్ కారి అక్కడి రేకు పొరలు పొరలుగా లేస్తుంది. తర్వాత రెండువైపులా స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన కాలు) పైన బిగించే గుండ్రటి భాగం. దాని చుట్టూ సీలెంట్ పగిలి, కింద ఎర్రగా కనిపిస్తే జాగ్రత్త. అక్కడ పగులు ఉంటే ఆ బండి వదిలేయండి, ఎంత తక్కువకిచ్చినా సరే. తర్వాత ముందు అద్దం కింది మూలలు, డోర్ల అడుగు అంచులు, రన్నింగ్ బోర్డులో (డోర్ల కింది పొడవాటి బోలు రేకు) జాకీ పెట్టే చోటు, వెనక చక్రాల పైన వంపు, చివరగా స్టెప్నీ గుంత.

అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి ఈ చోట్లన్నిటి మీదా నడిపించండి. పట్టు వదిలిన చోట రేకు లేదు, పుట్టీ ఉంది. మ్యాట్లు తీసి, కార్పెట్ లేపి, ఫ్లోర్‌ని చేత్తో తడమండి. డ్రైవర్ కాళ్ల దగ్గర తడిగా ఉంటే నీళ్లు పైనుంచి దిగుతున్నట్టే. అద్దం కింద గాలి లోపలికెళ్లే జాలీలో ఆకులు పడి కుళ్లి, నీళ్లు పోయే రంధ్రం మూసుకుపోతుంది. వర్షం నీళ్లు అక్కడ నిలిచి లోపలికి దిగుతాయి. దాన్ని శుభ్రం చేయడానికి పది నిమిషాలు చాలు. చేయకపోతే నాలుగైదు వర్షాకాలాలకి ఫ్లోర్ పోతుంది.

గోదారి_గట్టు:

కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్ల బండి అసలు తీసుకోకూడదా అండి? మా వైపు దొరికేవన్నీ అవే.

రన్నింగ్‌బోర్డు:

తీసుకోవచ్చండి. కానీ రిపేరు ఖర్చు ముందే లెక్కేసుకోండి. అనంతపురం, కర్నూలు వైపు తిరిగిన బండికి రంగు వెలిసినా రేకు గట్టిగా ఉంటుంది. తీరం బండికి రంగు మెరుస్తున్నా లోపల రేకుని తుప్పు తిని ఉండొచ్చు.

టింకరింగ్ చేయించేటప్పుడు మూడు విషయాలు పట్టుబట్టండి. ఒకటి, తుప్పు కనిపించిన దగ్గరే ఆపకుండా గట్టి రేకు తగిలేదాకా కోయాలి. రెండు, ఫైబర్ అతుకు వద్దు. రన్నింగ్ బోర్డుకి 20 గేజి రేకు, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్లు, పైతొడుగు భాగాలకి 22 గేజి వేసి వెల్డ్ చేయాలి. గ్యాస్ వెల్డింగ్‌తో వేడి ఎక్కువ పాకి రేకు అలలు తేలుతుంది. మిగ్ వెల్డింగ్ ఉన్న షెడ్డు వెతకండి. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీగలు రెండూ తీసేయాలి, ఎంపీఎఫ్ఐ బండైతే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటరు) కనెక్టర్ కూడా. మూడు, బయట పెయింట్ అయ్యాక బోర్డు లోపలి బోలులోకి మైనం లాంటి క్యావిటీ వ్యాక్స్ కొట్టించాలి. తుప్పు పుట్టేది లోపలి నుంచే. చాలామంది ఈ మూడోది వదిలేస్తారు, రెండేళ్లకి అదే చోట మళ్లీ బుడగ లేస్తుంది.

డోర్ల అడుగున నీళ్లు పోయే రంధ్రాలుంటాయి. పెయింట్ చేసేవాళ్లు వాటిని మూసేయకుండా చూసుకోండి.

హెడ్_ఫేసింగ్:

బాడీ సంగతి తేలింది కాబట్టి ఇంజిన్‌కొస్తాను. ఈ జీ సిరీస్ ఇంజిన్లు మొండివి. నూనె మారుస్తూ, వేడెక్కనీయకుండా చూసుకుంటే చాలాకాలం నడుస్తాయి. వీటిని చంపేది ఒక్కటే, నల్లా నీళ్లు.

బ్లాకు, హెడ్డు అల్యూమినియం. మన బోరు నీళ్లలో ఉప్పులెక్కువ. రేడియేటర్‌లో ఆ నీళ్లు పోస్తూపోతే నీళ్లు తిరిగే దారుల్లో పాచి లాంటి తెల్లటి పొర కడుతుంది. బ్లాకుకీ హెడ్డుకీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ నీటి రంధ్రాల అంచుల్లో లోహం గుంటలు పడుతుంది. ఒకరోజు ట్రాఫిక్‌లో మీటరు ముల్లు పైకెక్కుతుంది, హెడ్డు వంగుతుంది.

కొనేముందు ఇలా చూడండి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీయాలి. లోపల ఆకుపచ్చగానో నీలంగానో ఉంటే మంచిది. టీ రంగులో ఉంటే తుప్పు నీళ్లు. నూనె మెరుపు తేలితే గాస్కెట్ అనుమానించండి. నూనె పోసే మూత అడుగున మీగడ లాంటిది అంటుకుని ఉన్నా అంతే. మూత తెరిచి ఉంచే స్టార్ట్ చేయించి, నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తున్నాయేమో చూడండి. తర్వాత మూత బిగించి, ఏసీ ఆపి, ఇంజిన్‌ని ఐడిలింగ్‌లో వదిలేయండి. ముల్లు మధ్యకి వచ్చాక కాసేపటికి ఫ్యాన్ తనంతట తాను తిరగాలి, కాసేపటికి ఆగాలి. స్విచ్ పాడైతే కొందరు ఫ్యాన్‌ని నేరుగా ఇగ్నిషన్‌కి కలిపేస్తారు. తాళం తిప్పగానే ఫ్యాన్ తిరిగితే అదే జరిగిందని అర్థం.

కొన్నాక: పాత నీళ్లు పూర్తిగా దించి, డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగి, కూలెంట్ పోయండి. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కాబట్టి 30 శాతం కూలెంట్, 70 శాతం డిస్టిల్డ్ వాటర్ చాలు. కూలెంట్ పనంతా ఇక్కడ తుప్పుని ఆపడమే. రెండేళ్లకోసారి మార్చండి. హోస్ పైపులు పిసికి చూడండి. గట్టిపడినా, చివర్లు ఉబ్బినా మొత్తం సెట్టు మార్చేయండి. రేడియేటర్ మూత కూడా కొత్తది వేయండి. చిన్న వస్తువే, స్ప్రింగు బలం తగ్గితే నీళ్లు తొందరగా మరుగుతాయి.

పుత్లీబౌలి_స్పేర్స్:

హెడ్‌ఫేసింగ్ అన్నా, మన ఎండలకి థర్మోస్టాట్ తీసేస్తేనే ఇంజిన్ చల్లగా ఉంటదని చాలా షెడ్డుల్లో చెప్తరు. తీసేయొచ్చా?

హెడ్_ఫేసింగ్:

వద్దు తమ్ముడూ. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి వెళ్లనివ్వని వాల్వే థర్మోస్టాట్. సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది, అంకె దాని మీదే చెక్కి ఉంటుంది. తీసేస్తే ఇంజిన్ ఎప్పుడూ సగం చలిలో నడుస్తుంది. కార్బ్యురేటర్ బండి పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఎంపీఎఫ్ఐలో ఈసీయూ ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని పెట్రోలు ఎక్కువ పంపుతూనే ఉంటుంది. మండని పెట్రోలు సిలిండర్ గోడల మీది నూనెని కడిగేస్తే రింగులు అరుగుతాయి. థర్మోస్టాట్ తీసేశాక వేడి తగ్గిందంటే రేడియేటర్ మూసుకుపోయిందనో, నీళ్ల పంపు రెక్కలు అరిగిపోయాయనో అర్థం. అసలు జబ్బు అలాగే ఉంది.

పాతది పనిచేస్తోందా లేదా తెలుసుకోవాలంటే గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి వేడిచేయండి. మరుగు పట్టేలోపే తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కొత్తది కొనండి.

హెడ్డు ఒకవేళ విప్పాల్సి వస్తే, లేత్‌కి పంపే ముందే ఉక్కు స్కేలు ఆనించి ఫీలర్ గేజితో కొలిపించండి. వంపు 0.05 మిల్లీమీటర్లు దాటితేనే ఫేసింగ్, అంటే చెక్కి చదును చేయడం. అవసరం లేకుండా చెక్కితే కంప్రెషన్ పెరిగి ఇంజిన్ కొట్టుకుంటుంది.

టైమింగ్_బెల్ట్:

ఒక మాట కలుపుతాను. క్రాంకునీ వాల్వుల్ని ఆడించే క్యామ్‌నీ కలిపి తిప్పేది జెన్, ఎస్టీమ్ రెండింటికీ టైమింగ్ బెల్టే, చైను కాదు. ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే అనుకోండి. కిలోమీటర్లు తిరగకపోయినా రబ్బరు వయసుతో గట్టిపడుతుంది. బెల్టుతోపాటు టెన్షనర్, క్యామ్ సీల్, క్రాంక్ సీల్ వేయించండి. నీళ్ల పంపు కారుతుంటే అదీ అప్పుడే. మళ్లీ అదంతా విప్పడం రెట్టింపు కూలి.

అసలు గమనించాల్సింది క్రాంక్ చివర నడిమి బోల్టు. దాన్ని అంచనాగా బిగిస్తే కొన్నాళ్లకి వదులై, పళ్లచక్రం లోపలి కీ గాడిని తినేస్తుంది. టైమింగ్ తప్పుతుంది, బండి లాగదు. కార్బ్యురేటర్ మీద, ప్లగ్గుల మీద ఎంత పని చేసినా బాగుపడదు. టార్క్ రెంచ్ లేని చోట ఈ పని చేయించొద్దు. కీ అరిగి ఉంటే కొత్త కీ, కొత్త బోల్టు వేయించండి.

ఆటోనగర్_బెజవాడ:

స్పేర్ల సంగతి. ఎస్టీమ్‌కి పార్టులు దొరకవు అనేది ఇంజిన్ వరకు నిజం కాదు. దాని 1298 సీసీ కుటుంబమే జిప్సీ కింగ్‌లో, వెర్సాలో, మొదటి స్విఫ్ట్ పెట్రోలులో ఉంది. అదే కుటుంబంలోని 1196 సీసీ ఇంజిన్‌తో ఈకో 2022 దాకా అమ్ముడైంది. కాబట్టి గాస్కెట్లు, సీళ్లు, పంపుల లాంటివి వెతికితే దొరుకుతాయి. పాత పార్టు చేత్తో పట్టుకెళ్లి పక్కన పెట్టి పోల్చి కొనండి. 8 వాల్వులది, 16 వాల్వులది కలిపేయొద్దు.

దొరకనివి వేరే ఉన్నాయి. డోర్ బీడింగులు, అద్దం రబ్బరు, టెయిల్ ల్యాంపులు, డ్యాష్‌బోర్డు ముక్కలు, లోపలి హ్యాండిళ్లు. ఇవి విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ పుత్లీబౌలిలోనో, చెన్నై పుదుపేటలోనో కనిపించినప్పుడే కొని దాచుకోండి, అవసరం లేకపోయినా సరే. జెన్ యూరప్‌లో సుజుకీ ఆల్టో పేరుతో అమ్ముడైంది, విదేశాల్లో బంధువులున్నవాళ్లు ఆ పేరుతో వెతికించొచ్చు.

పుత్లీబౌలి_స్పేర్స్:

జెన్ ఇంజిన్‌కి వ్యాగన్‌ఆర్ సామాను పడతదా?

ఆటోనగర్_బెజవాడ:

పడదు. పాత వ్యాగన్‌ఆర్‌ది 1061 సీసీ, ఎఫ్ సిరీస్. జెన్‌ది జీ సిరీస్. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుని తెచ్చుకుని నష్టపోతుంటారు.

గోదారి_గట్టు:

ఎస్టీమ్ డీజిల్ ఒకటి చవగ్గా ఉందండి. తీసుకోవచ్చా?

టైమింగ్_బెల్ట్:

అది ప్యూజో వాళ్ల 1527 సీసీ ఇంజిన్, జెన్ డీజిల్‌లోనూ అదే. ఇంజిన్ మంచిదే, మైలేజీ బాగా ఇచ్చేది. డీజిల్ పంపు బాగుచేసే పాత చేతి మనిషి మీ ఊళ్లో ఉంటే తప్ప దాని జోలికి వెళ్లకండి.

కార్బ్_కాలం:

ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు సంగతి. దీని మీద భయమూ ఎక్కువే, నిర్లక్ష్యమూ ఎక్కువే.

మామూలు పెట్రోలుకి గాలి నిష్పత్తి 14.7కి 1. ఇథనాల్ 20 శాతం కలిస్తే సుమారు 13.5కి 1 కావాలి. అంటే సుమారు తొమ్మిది శాతం ఎక్కువ పెట్రోలు. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఎంపీఎఫ్ఐ ఆ తేడాని చాలావరకు సర్దుకుంటుంది. కార్బ్యురేటర్‌కి ఆ తెలివి లేదు. మిశ్రమం పల్చబడి పొద్దున స్టార్టింగ్‌కి మొరాయిస్తుంది, యాక్సిలరేటర్ తొక్కగానే ఒక క్షణం నీరసపడుతుంది, హైవే మీద వేడెక్కుతుంది.

ముందు ప్లగ్గులు తీసి చూడండి. పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే ఏమీ ముట్టుకోవద్దు. తెల్లగా సున్నంలా ఉంటే మెయిన్ జెట్టు (కార్బ్యురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రపు ముక్క) ఒక సైజు పెంచాలి. రంధ్రం వైశాల్యం తొమ్మిది శాతం పెరగాలంటే వ్యాసం సుమారు నాలుగున్నర శాతం పెరిగితే చాలు. జెట్టుని సూదితో, డ్రిల్లుతో పెద్దది చేయనివ్వొద్దు. ప్లగ్ గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు పెట్టండి, ఐడిలింగ్ 850 ఆర్‌పీఎం చుట్టూ.

రబ్బరు సంగతి ఇంకా ముఖ్యం. ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా ఉన్న పాత పెట్రోలు పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చండి. కొత్త క్లిప్పులతో, ఒక్కటీ వదలకుండా. ఇంజిన్ పక్కన వేడిలో పెట్రోలు కారితే మంటే. కార్బ్యురేటర్ కిట్టులో యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం, ఫ్లోట్ సూది కూడా మారుతాయి. కార్బ్యురేటర్ జెన్‌లో పెట్రోలు పంపు హెడ్డుకి బిగించి ఉంటుంది, క్యామ్ దాన్ని ఆడిస్తుంది. దాని డయాఫ్రం చిరిగితే పెట్రోలు నేరుగా ఇంజిన్ నూనెలో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద నూనె మట్టం పెరిగి, పెట్రోలు వాసన వస్తే బండి ఆపేయండి. ఆ నూనెతో నడిపితే బేరింగులు పోతాయి.

ఇథనాల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. నెలలకొద్దీ నిలబెట్టేట్టయితే ట్యాంకులో పెట్రోలు తక్కువ ఉంచొద్దు, ఖాళీ భాగంలోనే నీళ్లు చేరతాయి. వారానికోసారి అరగంట నడిపితే అన్నిటికీ మంచిది.

ఆర్‌సీ_బుక్కు:

కాగితాల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. బండి బాగుండి కాగితం లేకపోతే అది బండి కాదు, పార్టుల కుప్ప.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి అయిపోతుంది. తర్వాత ఐదేసి ఏళ్లకి పొడిగించుకోవాలి. దరఖాస్తు ఫారం 25, గడువుకి 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కార్లకి ఫీజు 5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ వేరు. అంటే ఈ థ్రెడ్‌లో మాట్లాడుకుంటున్న బండ్లలో చాలావాటికి ఇక పదివేల లెక్కే. బేరం ఆడేటప్పుడు ఆర్‌సీలో గడువు ఎన్నాళ్లుందో చూసి దాన్ని ధరలో తగ్గించమనండి.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి బండి తీసుకెళ్లేముందు ఛాసిస్ నంబరు చెక్కిన చోట తుడిచి, చదవగలిగేలా ఉంచండి. నంబరు మీద తుప్పు ఉంటే ఇసుక కాగితంతో గీకొద్దు, అంకె చెరిగితే మీరే ఇబ్బందిపడతారు. నూనె రాసి మెత్తటి గుడ్డతో తుడవండి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉంటే అమ్మే మనిషి చేతే ఫారం 35తో తీయించండి. ఆ తర్వాతే బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు. ఇంజిన్ మార్చిన బండైతే కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కిందో లేదో చూడాలి.

పుత్లీబౌలి_స్పేర్స్:

ఢిల్లీ బండ్లు బాగా చవకగ వస్తున్నయి. 15 ఏండ్లయిన పెట్రోలు బండ్లు అక్కడ నడపనియ్యరు కదా.

ఆర్‌సీ_బుక్కు:

చవకే, కానీ అక్కడి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఫారం 28 మీద రావాలి. ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టి మన నంబరు తెచ్చుకోవాలి. గడువు దాటిన బండికి ఎన్‌ఓసీ వస్తుందో లేదో అమ్మేవాడి మాట మీద కాకుండా, కాగితం చేతికొచ్చాకే డబ్బు ఇవ్వండి. ఇవన్నీ కలిపితే మన దగ్గరే ఒక్క చేతి మీద తిరిగిన బండి కొనడం నయం.

నాలుగు_చక్రాలు:

టైర్లు. జెన్ అసలు సైజు 145/70 ఆర్13, ఇప్పుడు అన్ని చోట్లా దొరకదు. బదులు 155/65 ఆర్13 వేసుకోండి. మొదటిదాని వ్యాసం 533 మిల్లీమీటర్లు, దీనిది 532. స్పీడోమీటరు తేడా రాదు, స్టీరింగ్ బరువెక్కదు, రోడ్డు పట్టు పెరుగుతుంది. 165/65 వేస్తే వ్యాసం 545 అవుతుంది, పవర్ స్టీరింగ్ లేని బండికి అది బరువు. కొనేముందు టైరు పక్కన తయారీ వారం, ఏడాది నాలుగు అంకెల్లో ఉంటాయి, చూడండి. తక్కువ తిరిగిన బండ్లకి గాడులు నిండుగా ఉన్నా పక్కగోడలు పగిలిపోయి ఉంటాయి.

సస్పెన్షన్‌లో ఎస్టీమ్‌కి నాలుగు చక్రాలకీ స్ట్రట్లు, జెన్‌కి వెనక గట్టి యాక్సిల్, కాయిల్ స్ప్రింగులు. శబ్దం ఎక్కడిదో ఇలా పట్టండి. స్పీడ్ బ్రేకర్ మీద ఠక్ అంటే లోయర్ ఆర్మ్ బుష్ లేదా బాల్ జాయింట్. నిలబెట్టి స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగు ఠంగుమంటే స్ట్రట్ పైన మౌంట్ బేరింగ్. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి నెమ్మదిగా కదిలిస్తే టకటకమంటే యాక్సిల్ బయటి జాయింట్. ఈ చివరిదానికి కారణం చాలాసార్లు చిరిగిన రబ్బరు బూటే. బూటు చిరిగిన వారంలోనే మారిస్తే గ్రీజుతో పోతుంది, వదిలేస్తే యాక్సిలే మార్చాలి.

గోదారి_గట్టు:

రాత్రి హెడ్‌లైట్లు మరీ మిణుకుమిణుకుమంటాయి అంటారు. ఎక్కువ వాట్ల బల్బులు వేయొచ్చా?

నాలుగు_చక్రాలు:

వేయొద్దండి, హోల్డర్ కరుగుతుంది. లోపం బల్బుది కాదు, కరెంటు అందకపోవడం. ఇంజిన్ నడుస్తుండగా బల్బు పిన్ను దగ్గర వోల్టేజి కొలవండి. బ్యాటరీ దగ్గర 13.8 ఉండి ఇక్కడ 12 కూడా రాకపోతే పాత స్విచ్చులో, సన్నటి తీగల్లో పోతున్నట్టే. బ్యాటరీ నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, మొదట్లోనే 20 ఆంపియర్ల ఫ్యూజు, హై బీమ్‌కి ఒకటి, లో బీమ్‌కి ఒకటి రిలే పెట్టించి, పాత తీగని రిలేని నడపడానికే వాడండి. ఎర్త్ తీగ కూడా కొత్తది. అవే 60/55 వాట్ల బల్బులు మళ్లీ తెల్లగా వెలుగుతాయి.

గోదారి_గట్టు:

అందరికీ ధన్యవాదాలండి. రెండు బండ్లు చూసి పెట్టాను. 2001 ఎస్టీమ్ ఎంపీఎఫ్ఐ, 2003 జెన్. జెన్ బాడీ గట్టిగా ఉంది, అయస్కాంతం అంతటా పట్టింది. కానీ పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ ఒక్క దమ్ము వచ్చి ఆగుతోంది. ఎస్టీమ్ ఇంజిన్ నిశ్శబ్దం, కానీ ఎడమ రన్నింగ్ బోర్డు పుట్టీ.

రన్నింగ్‌బోర్డు:

జెన్.

హెడ్_ఫేసింగ్:

నాదీ అదే ఓటు, కానీ అడ్వాన్స్ ఇచ్చేముందు కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) కొలిపించండి. స్టార్టింగ్‌లో ఒక్క దమ్ము నీలం పొగ అంటే సాధారణంగా వాల్వ్ సీళ్లు. రాత్రంతా నూనె వాల్వు గైడుల గుండా జారి లోపల చేరుతుంది. నడుస్తున్నంతసేపూ నీలం పొగ అయితే రింగులు, అది పెద్ద పని.

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గులు నాలుగూ తీసేయాలి. ఇగ్నిషన్ కనెక్టర్ విప్పి, పెట్రోలు రాకుండా చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి. బ్యాటరీ నిండుగా ఉండాలి. చదరపు సెంటీమీటరుకి 13, 14 కిలోలు వస్తే ఆరోగ్యం. సిలిండర్‌కీ సిలిండర్‌కీ తేడా 1 కిలో దాటకూడదు. ఎక్కడైనా 12 కంటే తక్కువ వస్తే ఆ ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఇంజిన్ నూనె పోసి మళ్లీ కొలవండి. అంకె ఒక్కసారిగా పెరిగితే రింగులు పోయాయి, ఇంజిన్ పనికి సరిపడా ధర తగ్గించమనండి. పెరగకపోతే వాల్వులు, హెడ్డు విప్పితే సరిపోతుంది.